పన్నెండో గ్రేడ్ లెక్కల చిక్కు

అమెరికాలో పదకొండో గ్రేడ్ పిల్లలున్న తెలుగు ఇళ్లలో పైఏడాది కోర్సుల ఫారం వచ్చిందంటే పేచీ లెక్కల గడి దగ్గరే. హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠాలు చెప్పే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కోర్సుల్లో కాల్క్యులస్ ఏబీయా, అంతకన్నా పెద్దదైన బీసీయా, లేక స్టాటిస్టిక్సా? న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనైనా, టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనైనా పెద్దల తీర్పు ఒకటే: ఏది కష్టమైతే అది. ఎంసెట్ ర్యాంకుతో సీటు తెచ్చుకున్న తరం అలా అనుకోవడంలో వింత లేదు. కానీ అక్కడి ప్రవేశాల తీరు వేరు.

పేరున్న కాలేజీలు విద్యార్థిని అతని స్కూల్లో ఉన్న కోర్సులతో పోల్చి చూస్తాయి. దరఖాస్తుతో పాటు కౌన్సెలర్ పంపే నివేదికలోనూ అడిగేది అదే: ఈ స్కూల్లో దొరికేవాటితో పోలిస్తే ఈ విద్యార్థి తీసుకున్నవి ఎంత కఠినం? పక్క ఊరి స్కూల్లో బీసీ తర్వాత వచ్చే మల్టీవేరియబుల్ కాల్క్యులస్ ఉందని బెంగపడక్కర్లేదు. ఆ దేశంలో దాదాపు సగం హైస్కూళ్లలో మామూలు కాల్క్యులసే లేదు. అందుకే సైన్స్, ఇంజినీరింగ్‌లకు పేరొందిన కాల్‌టెక్ సైతం 2023లో, స్కూల్లో అది దొరకని పిల్లలు ఆన్‌లైన్‌లో ఉచితంగా పాఠాలు చెప్పే ఖాన్ అకాడమీ వంటి మార్గాల్లో నేర్చుకుని నిరూపించుకోవచ్చంది. అయితే ఆ వెసులుబాటు దొరకనివారికే. స్కూల్లో ఉండగా ఇంజినీరింగ్ ఆశావహులు కాల్క్యులస్ వదిలేస్తే ప్రశ్నలు తప్పవు.

ఇక ఏబీనా, బీసీనా అన్నది. ఏబీలో ఉన్నదంతా బీసీలోనూ ఉంటుంది. దానిపైన అనంత శ్రేణులు, పోలార్ నిరూపకాల వంటివి చేరతాయి. ప్రీకాల్క్యులస్‌లోనే తడబడిన అమ్మాయిని బీసీలో కూర్చోబెట్టి, ‘మేలో పరీక్షకల్లా అందుకుంటుందిలే’ అనుకునే తల్లిదండ్రులు క్యాలెండర్ చూడాలి. మేలో జరిగే ఏపీ పరీక్ష స్కోరు వచ్చేది జూలైలో. కాలేజీల నిర్ణయాలు ఏప్రిల్ మొదటికే దాదాపు వచ్చేస్తాయి. ప్రవేశాల అధికారి ముందుండేది కోర్సు పేరు, జనవరి తర్వాత వెళ్లే మొదటి సెమిస్టర్ గ్రేడు, అంతే. బీసీలో ‘సి’ గ్రేడు కన్నా ఏబీలో ‘ఏ’ గ్రేడు మేలని మా అభిప్రాయం.

సైకాలజీ, ప్రజారోగ్యం చదవబోయేవారికి స్టాటిస్టిక్స్ నిత్యం అక్కరకొచ్చే విద్య. దాన్ని చిన్నచూపు చూడటం తగదు. కాకుంటే గట్టి పోటీ ఉన్నచోట ఇప్పటికీ కాల్క్యులస్‌దే పైచేయి, అది సబబైనా కాకున్నా. పేరు కొత్తగా ఉంది కదా అని డేటా సైన్స్ కోర్సులకు ఎగబడేవారు మరొకటి గమనించాలి: హైస్కూల్ లెక్కల్లో తప్పనిసరి మెట్టైన ఆల్జీబ్రా 2కు బదులు అవి చెల్లవని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ అధ్యాపక బోర్డు 2023లోనే తేల్చింది.

అసలు తప్పుదారి ఆరో గ్రేడ్‌లోనే మొదలవుతోంది. వారాంతపు కోచింగ్‌లతో తరగతులు దాటించి, పదకొండులోనే బీసీ ముగించి, పన్నెండులో లెక్కలకు సెలవిచ్చేస్తున్నారు. ఆ ఖాళీ కాలేజీల కంటపడుతుంది. స్కూల్లో పై కోర్సు లేకపోతే కమ్యూనిటీ కాలేజీలో లీనియర్ ఆల్జీబ్రా తీసుకోవచ్చు. కనీసం స్టాటిస్టిక్స్ అయినా ఉంది.

ఈ సంగతులు చెప్పాల్సిన కౌన్సెలర్లకు తీరికెక్కడిది? ఒక్కొక్కరికి 250 మందికి మించి విద్యార్థులు ఉండరాదని అమెరికా స్కూల్ కౌన్సెలర్ల సంఘం సిఫారసు చేస్తున్నా, జాతీయ సగటు 350 పైనే. కౌన్సెలర్లను పెంచేదాకా ఆగకుండా, ఏ లెక్కల కోర్సు తర్వాత ఏది వస్తుందో, పన్నెండుకు ఏం మిగులుతుందో స్థానిక స్కూళ్లను నడిపే స్కూల్ డిస్ట్రిక్టులు, ఎవరు ఏ లెక్కల తరగతిలో చేరాలో తేల్చే ఆరో గ్రేడ్ ప్లేస్‌మెంట్ పరీక్షకు ముందే తల్లిదండ్రులకు రాతపూర్వకంగా ఇవ్వాలి.