మిక్కిలి ఎత్తయిన సమాధి

నాలుగో తరగతి పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది: ‘గొప్ప పిరమిడ్ గురించి మీ సొంత మాటల్లో ఐదు వాక్యాలు రాయండి.’ మా అమ్మాయి అమాయకురాలు. ఆ మాట నమ్మి నిజంగానే సొంత మాటల్లో రాసింది. ఐదుకి ఒకటిన్నర వచ్చింది.

అది రాసింది ఇదీ: ‘పిరమిడ్ చాలా పెద్దది. అది ఖుఫు రాజు సమాధి. రాజు ఒక్కడే, రాళ్ళు మాత్రం లక్షలు. అన్ని రాళ్ళు మోసినవాళ్ళకి తిండి ఎవరు పెట్టారు? నాకు తెలీదు.’

నాలుగో వాక్యం కింద ఎర్ర గీత, పక్కన ‘పాఠంలో లేదు’. ఐదో వాక్యానికి పెద్ద ఇంటూ మార్కు. ‘చాలా పెద్దది’ కొట్టేసి, పైన ‘మిక్కిలి ఎత్తయినది’ అని దిద్దారు.

ఇందులో బడి తప్పేమీ లేదని సవినయంగా మనవి. సొంత మాటలంటే ఎవరి సొంతమో పిల్లే కనుక్కోవాలి. అవి బోర్డు మీద ఉంటాయి. బోర్డు మీంచి నోట్సులోకి, నోట్సులోంచి నోట్లోకి, నోట్లోంచి పేపరు మీదికి దిగుతాయి. నలభై మంది పిల్లల సొంత మాటలూ పొల్లు పోకుండా ఒక్కలాగే వస్తే, ఆ క్లాసు బాగా రాస్తున్నట్టు లెక్క.

ఇకపోతే ఆ తిండి ప్రశ్న. దాని కోసం పెద్దపెద్ద చరిత్రకారులు ఎడారిలో తవ్వుకుంటూ కూర్చున్నారు. పాఠంలో లేదని పాపం వాళ్ళకెవరూ చెప్పలేదు. 2013లో ఈజిప్టులో ఎర్ర సముద్రం ఒడ్డున, వాదీ అల్ జర్ఫ్ అనేచోట, ఫ్రెంచి పురావస్తు పరిశోధకుడు పియర్ తలే బృందానికి సుమారు 4,500 ఏళ్ళనాటి పపైరస్ చుట్టలు, అంటే మొక్కల కాడలతో చేసిన పాతకాలపు కాగితాలు, దొరికాయి. రాత ఉన్న పపైరస్‌లలో ఇప్పటిదాకా దొరికినవాటిలో అవే పాతవి. మెరెర్ అనే మేస్త్రీ సుమారు నలభై మందిని వెంటేసుకుని, తూరా గనుల నుంచి పడవల్లో, ఆ గొప్ప పిరమిడ్ కడుతున్న గీజాకి సున్నపురాయి చేరవేసేవాడు. ఏ రోజు ఎక్కడ రాయి ఎక్కించారో, రాత్రి ఎక్కడ పడుకున్నారో అన్నీ వాటిలో రాసిపెట్టాడు. ఆ చుట్టల్లోనే ధాన్యం లెక్కలు, రొట్టెల లెక్కలూ ఉన్నాయి.

ఈ మెరెర్‌ని తెచ్చి మన నాలుగో తరగతిలో, వెనక బెంచీలో కూర్చోబెడదాం.

‘మెరెర్, లే. ఏమిటీ రాత? ఎక్కించాం, పడుకున్నాం, మళ్ళీ ఎక్కించాం. ముందుమాట ఏది? ముగింపు ఏది?’

‘పని ఇంకా ముగియలేదు టీచర్.’

‘పిరమిడ్ ఎత్తెంత?’

‘ఇంకా కడుతున్నాం టీచర్.’

‘146 మీటర్లు. రాసుకో. ఎవరు కట్టారు?’

‘మేమే టీచర్.’

‘తప్పు. ఖుఫు కట్టాడు.’

‘ఆయన ఒక్క రాయి కూడా...’

‘ఎదురు చెప్పకు. పదిసార్లు రాసుకురా. చేతికి ఆ సున్నం ఏమిటి? కడుక్కుని రా.’

ఇక్కడిదాకా నవ్వుతూనే రాశాను. ఇంక నావల్ల కాదు. తొమ్మిదేళ్ళ పిల్ల, ఎవరూ చెప్పకుండా, బొమ్మలో కనబడని మనుషుల ఆకలి గురించి ఆలోచించింది. అలాంటి ఒక్క వాక్యం పిల్లల దగ్గర్నుంచి రావడానికే కదా ఏడాదంతా చరిత్ర చెప్పేది! అది దానంతటది వస్తే గీత గీస్తారా? తెలియనిది తెలీదని నిజం రాస్తే ఇంటూ కొడతారా? అక్షరం తప్పయితే దిద్దండి. వాక్యం కుదరకపోతే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పండి. మార్కులు కూడా కోసుకోండి, ఎవడిక్కావాలి! పిల్ల అడిగిన ప్రశ్నని కొట్టేయడానికి మాత్రం మీ ఎర్ర పెన్నుకి ఏం హక్కుంది?

సరే. సరైన జవాబు పదిసార్లు రాసుకు రమ్మన్నారు. మొన్న రాత్రి కూర్చుని రాసింది. వాక్యం తర్వాత వాక్యం కాదు. ముందు ‘గొప్ప’ పదిసార్లు, ఒకదాని కింద ఒకటి, పేజీ అంచున నిలువుగా. దాని పక్కన ‘పిరమిడ్’ పది. తర్వాత ‘మిక్కిలి’. తర్వాత ‘ఎత్తయిన’. రాళ్ళు పేర్చినట్టే పేర్చింది. ‘సమాధి’ దగ్గరికి వచ్చేసరికి నిద్ర ముంచుకొచ్చి, ఏడో వరుసలో ‘సమాధానం’ అని రాసేసింది. చూశాను, చెప్పలేదు.

నిన్న నోట్సు తిరిగొచ్చింది. పేజీ మొత్తానికి అడ్డంగా ఒకటే టిక్కు. కింద ‘గుడ్’.