మీర్‌ను ఏడిపించింది చాలు

పద్దెనిమిదో శతాబ్దపు ఉర్దూ కవి మీర్ తఖీ మీర్ పేరెత్తగానే ముఖం వేలాడేసుకునేవాళ్లను చూస్తే నాకు చిరాకు. ఏ ఉర్దూ కవితా గోష్ఠికి వెళ్లినా అదే షేర్ (రెండు పాదాల పద్యం): మీర్ తలాపున మెల్లగా మాట్లాడండి, ఇప్పుడే ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు. సభలో నాలుగు నిట్టూర్పులు, వహ్వాలు. ఆరు ఉర్దూ దివాన్లు (కవితా సంపుటాలు) రాసిన మనిషిని ఒక్క కన్నీటి చుక్కలో ముంచేసి గాలిబ్ దగ్గరికి వెళ్లిపోతారు.

ఏడవడానికి ఆయనకు కారణాలు లేకపోలేదు. 1723లో ఆగ్రాలో పుట్టాడు. పదేళ్లు దాటీదాటకముందే తండ్రి పోయాడు. ఢిల్లీలో సమ్‌సాముద్దౌలా అనే అమీరు దయతలచి రోజుకు రూపాయి భృతి ఇస్తే, 1739లో ఇరాన్ రాజు నాదిర్ షాతో జరిగిన కర్నాల్ యుద్ధం ఆ అమీరునే బలితీసుకుంది. సవతి తల్లి అన్న ఖాన్-ఎ-ఆర్జూ పంచన చేరితే అక్కడా పొసగలేదు. కొంతకాలం మతి చలించి చంద్రబింబంలో ఎవరిదో రూపం కనిపించేదట. ఆ తర్వాత అఫ్ఘాన్ రాజు అబ్దాలీ సేనలు ఢిల్లీని దోచుకోవడం కళ్లారా చూశాడు. మనసు పాడుబడిన సంగతి ఏం చెప్పమంటారు, ఈ నగరం వందసార్లు దోపిడీకి గురైంది అన్నవాడు ఊహించి రాయలేదు. చివరికి 1782లో లక్నో చేరి, 1810లో అక్కడే కన్నుమూశాడు.

అయితే ఈ మనిషే తన కూలిపోతున్న ఇంటిమీద ఒక వెక్కిరింపు కావ్యం రాశాడని ఎంతమందికి తెలుసు? వానకు కారే కప్పు, పడిపోయే గోడలు, రాత్రంతా నల్లులతో యుద్ధం, గోడ కూలిన సందులోంచి దర్జాగా లోపలికి వచ్చే కుక్కలు! మోహిని అనే పిల్లిమీద కూడా ఒక మస్నవీ (ద్విపదల్లో సాగే కావ్యం) ఉంది. దాని పిల్లలు బతకడం లేదని తాయెత్తులు, మొక్కులు! ఇది నిత్యం ఏడ్చే మనిషి రాతలా ఉందా? తన జబ్బుకు కారణమైన మందుల కొట్టు కుర్రాడి దగ్గరికే మందుకోసం వెళ్లే అమాయకుడినని తనమీద తానే వేసుకున్న షేర్ అయితే నాకు గాలిబ్ చమత్కారాలకంటే ఇష్టం. గాలిబ్ అభిమానులు తిట్టుకున్నా సరే.

ఆయన పారశీకంలో రాసుకున్న ఆత్మకథ 'జిక్ర్-ఎ-మీర్' చివర్లో జోకులున్నాయి, కొన్ని బాగా మోటువి. 1928లో ఉర్దూ పండితుడు మౌల్వీ అబ్దుల్ హఖ్ ఆ గ్రంథాన్ని అచ్చువేసినప్పుడు వాటిని తీసేశారు. విషాదమూర్తి విగ్రహానికి మచ్చ రాకూడదు కదా! అంతకుముందే, 1880లో, ముహమ్మద్ హుసేన్ ఆజాద్ 'ఆబ్-ఎ-హయాత్' అనే ఉర్దూ కవుల చరిత్రలో మీర్‌ను ఎవరితోనూ కలవని ముక్కోపిగా బొమ్మకట్టాడు. కథలు రసవత్తరంగా ఉన్నాయి, అందుకే నిజమో కాదో చూడకుండా నేటికీ చెప్పుకుంటున్నాం. ఈ మూసను బద్దలుకొట్టడానికి విమర్శకుడు షంసుర్రహ్మాన్ ఫారూఖీకి 'షేర్-ఎ-షోర్ అంగేజ్' పేరుతో నాలుగు సంపుటాలు పట్టాయి. ఆ పుస్తకానికి 1996లో సరస్వతీ సమ్మాన్ కూడా వచ్చింది. మన సభల్లో మాత్రం నిట్టూర్పులు ఆగలేదు.

మీర్ పొగరు గురించి కూడా చెప్పాలి. మనకు దానితో పాత లెక్క ఉంది. కవుల గురించి 1752లో రాసిన 'నికాతుష్షుఅరా'లో, రేఖ్తా (అప్పటి ఉర్దూ కవిత) పుట్టింది దక్కనులోనే అని ఒప్పుకుంటూనే, అక్కడినుంచి ఒక్క పద్ధతైన కవి కూడా రాలేదని తీసిపారేశాడు. కులీ కుతుబ్ షా ఏలిన గడ్డమీద ఉన్నవాళ్లకు ఇది మండదా? నాకు మండింది. అదే మీర్ మరోచోట, నేను రేఖ్తాకు ఊరికే అలవాటు పడలేదు, నా ప్రేయసి దక్కను వాసి అన్నాడు. తొలితరం దక్కను ఉర్దూ కవి వలీ దక్కనీకి చేసిన నమస్కారంగా దాన్ని చదువుతాను. ఒక నోటితో తిట్టి, అదే నోటితో ముద్దుపెట్టుకునే ఈ మనిషిని ఏ కన్నీటి సీసాలో పట్టిస్తారు?

గాలిబ్‌కు తెలుగులో దాశరథి గారు దొరికారు. 'గాలిబ్ గీతాలు' మన ఇళ్లలోకి వచ్చేశాయి. మీర్‌ను తెలుగు చేయడానికి ఎవరైనా పూనుకుంటే, దయచేసి విరహ గజళ్లు పక్కనపెట్టి, ఆ నల్లుల రాత్రితో మొదలుపెట్టండి.