పద్ధతి తెలియని పల్లెలు

పర్యావరణ పరిరక్షణ చాలా సీరియస్ వ్యవహారం. దానికి ఒక కమిటీ కావాలి, కమిటీకి గౌరవాధ్యక్షుడు కావాలి, ఆయన ఫోటో పట్టేంత ఫ్లెక్సీ కావాలి. ఇవేవీ లేకుండానే కొన్ని ఊళ్లు ఏళ్ల తరబడి ప్రకృతిని కాపాడేస్తున్నాయి. ఎవరో ఒకరు అడగాలి కాబట్టి నేనే అడుగుతున్నాను: వీళ్లకు పర్మిషన్ ఎవరిచ్చారు?

శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి అని ఒక ఊరుంది. ఏటా తొలకరి వేళకు అక్కడ నత్తగుల్ల కొంగలు దిగుతాయి. ఊరి బయట ఎక్కడో సర్దుకుంటాయా అంటే అదీ లేదు. నేరుగా ఇళ్ల మధ్యకొచ్చి చింతచెట్ల మీద గూళ్లు కట్టేస్తాయి. ఈ పక్షి ముక్కు మూసినా మధ్యలో సందు మిగిలే ఉంటుంది. పొలాల్లో నత్తల్ని పట్టి, గుల్లలోంచి మాంసం లాగడంలో దానికి అదొక పనిముట్టు. వరిచేలో నత్తల బెడద తగ్గుతుంది కదా అని రైతు సంతోషిస్తాడు, బాగానే ఉంది. కానీ ఆ తర్వాత? పిల్లలు పెరిగి ఎగిరేదాకా నెలల తరబడి ఇంటి కప్పు మీద, వాకిట్లో, ఆరేసిన బట్టల మీద సున్నం జల్లినట్టు రెట్టలు. నీచు వాసన సంగతి చెప్పక్కర్లేదు. అయినా ఊరు ఊరంతా వాటిని కళ్లలో పెట్టుకుని చూసుకుంటుంది. కొంగలొస్తే వానలు బాగా పడతాయని వాళ్ల నమ్మకం. వాన వస్తుంది కాబట్టి కొంగ వస్తోందా, కొంగ వచ్చింది కాబట్టి వాన పడుతోందా అన్నది తేల్చడానికి కనీసం ఒక సబ్‌కమిటీ అయినా వేసినట్టు నేను వినలేదు.

హైదరాబాద్‌లో మా కాలనీ ఇలా కాదు. పక్షుల విషయంలో మాకు స్పష్టమైన విధానం ఉంది. ప్రతి బాల్కనీకీ వల. పావురం వచ్చి ఏసీ డబ్బా మీద రెండు పుల్లలు పెట్టిందంటే ఆ సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో ఫోటో, మర్నాటికి వల బిగించే కుర్రాడి ఫోన్ నంబరు. వేసవిలో మాత్రం పిచ్చుకల కోసం డాబా మీద మట్టి మూకుడులో నీళ్లు పెడతాం. ఆ మూకుడు పక్కన నిలబడి అందరం ఫోటో దిగుతాం. పిచ్చుక ఒక్కటీ రాలేదంటే లోపం పిచ్చుకలది.

చెట్ల విషయంలో ఇంకా పకడ్బందీగా ఉంటాం. బి బ్లాక్ ముందు ఒక కానుగ చెట్టు ఉండేది. మంచి నీడ. ఎండాకాలంలో కొరియర్ కుర్రాళ్లందరూ బండ్లు దాని కిందే ఆపి, ఫోన్లు చూసుకుంటూ కాసేపు కూర్చునేవాళ్లు. దాని తప్పల్లా ఏమిటంటే ఆకులు రాల్చడం, ఆ తర్వాత పూలు రాల్చడం. కింద పార్క్ చేసే తెల్లకారు ఓనరు మీటింగులో లేచి, తానూ ప్రకృతి ప్రేమికుడినేనని ముందుగా మనవి చేసుకుని, ఆ పూల మరకలు పోవడానికి వాటర్ వాష్‌కి ఎంతవుతోందో వివరించారు. నేను చెట్టు పక్షాన మాట్లాడదామని గొంతు సవరించుకునేలోపే టీలు వచ్చాయి. కొమ్మలు "కాస్త ట్రిమ్ చేయించాలని" తీర్మానం ఏకగ్రీవంగా పాసైంది. మర్నాడు రంపం మిషన్‌తో ఇద్దరు వచ్చి ట్రిమ్ చేశారు. ఛాతీ ఎత్తున మోడు మిగిలింది.

మోడుని అలా వదిలేస్తే బాగుండదని వనమహోత్సవానికి ముందు దానికి తెలుపు, ఎర్రమన్ను పట్టీలు వేయించాం. పైన 'చెట్లను కాపాడండి' అన్న రేకు బోర్డు మేకులతో కొట్టించాం. ఇప్పుడు ఆ బోర్డు ఎండలో చక్కగా మెరుస్తోంది, అడ్డం రావడానికి ఆకులు లేవు కదా. నీడ లేదని కొరియర్ కుర్రాళ్లు గొణుగుతుంటారు. వాళ్లు ఎలాగూ మెంబర్లు కారు.

వనమహోత్సవం అంటే గుర్తొచ్చింది. 1950లో కేంద్రమంత్రిగా కె.ఎం. మున్షీ ఈ పండగ మొదలుపెట్టినప్పుడు ఫ్లెక్సీలు లేవు. పాపం, ఎలా నెట్టుకొచ్చారో. 2015లో తెలంగాణలో హరితహారం వచ్చింది. లక్ష్యం 230 కోట్ల మొక్కలు, పచ్చదనం 24 శాతం నుంచి 33 శాతానికి పెరగాలి. అంకె అంటే అలా ఉండాలి. తేలుకుంచిలో ఒక్క చింతచెట్టుకైనా టార్గెట్ ఉందా? మా కాలనీ కూడా ఆ ఊపులో గేటు నుంచి పార్కు దాకా కోనోకార్పస్ నాటింది. ఎందుకంటే అది ఇట్టే పెరుగుతుంది, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, పశువు మూతి పెట్టదు. ఫోటోకి దానంత బుద్ధిమంతమైన మొక్క ఇంకోటి లేదు. ఆ తర్వాత దాని పుప్పొడితో అలర్జీలొస్తాయని గొడవ మొదలై, దాన్ని ఇక నాటొద్దని ప్రభుత్వమే చెప్పింది. మేం వెంటనే స్పందించాం. నాటిన రోజు కట్టిన ఫ్లెక్సీనే తిరగేసి, వెనకవైపు "కోనోకార్పస్ హటావో" అని రాయించాం. పునర్వినియోగం అంటే ఇదే.

ఇక మొక్క చుట్టూ పెట్టే ఇనప కంచె గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి. దాని మీద దాత పేరు, దాత తండ్రిగారి పేరు, దాత వ్యాపారం పేరు, ఫోన్ నంబరు ఉంటాయి. లోపల మొక్క ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. అక్షరాలు మాత్రం ఎండకీ వానకీ చెక్కుచెదరవు.

చెరువుల దగ్గరికొస్తే పల్లెల అమాయకత్వం మరీ విడ్డూరం. గుంటూరుకి కూతవేటు దూరంలో ఉప్పలపాడు ఉంది. ఊరి చెరువులో సర్కారు తుమ్మల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు కిటకిటలాడుతుంటాయి. కొమ్మ కనిపించదు, పక్షే కనిపిస్తుంది. నగరం అంత దగ్గరికొచ్చాక, నిక్షేపంలాంటి చెరువుని పట్టుకుని పిట్టలకి వదిలేస్తారా ఎవరైనా? చెరువంటే ఏమిటో హైదరాబాద్‌లో చంటిపిల్లాడిని అడిగినా చెబుతాడు: ఇంకా లేఅవుట్ కాని స్థలం. ముందు చెరువు పూడ్చాలి, తర్వాత అక్కడ 'లేక్ వ్యూ' అని అపార్ట్‌మెంట్ కట్టాలి, వాన పడి నీళ్లు సెల్లార్లోకి వచ్చినప్పుడు మునిసిపాలిటీని తిట్టాలి. దీనికో క్రమం ఉంది. 2024లో చెరువు కబ్జాలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా బుల్డోజర్లు బయల్దేరేదాకా ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు), బఫర్ జోన్ (ఆ హద్దు చుట్టూ కట్టడాలు కూడని జాగా) అన్న మాటలు విననివాళ్లు కూడా ఇప్పుడు పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం కన్నా ముందు ఫ్లాట్ ఎఫ్‌టీఎల్‌లో ఉందా అని అడుగుతున్నారు. మొత్తానికి పర్యావరణ చైతన్యం వచ్చింది కదా, ఏ దారిన వస్తేనేం.

హిందూపురం వైపు వీరాపురం కథా ఇంతే. సంక్రాంతి రోజులకల్లా ఎర్రకాళ్ల కొంగలు వచ్చేస్తాయి. ఊళ్లోనే చింతచెట్లెక్కి పిల్లల్ని పెంచుకుని వెళ్తాయి. అనంతపురం ప్రాంతంలో నీడనిచ్చే చెట్టు విలువ ఏమిటో వేరే చెప్పాలా? ఆ చెట్టుని పక్షికి ఇచ్చేసి, కింద రెట్టలు ఊడ్చుకుంటూ కూర్చున్నారు.

ఊళ్ల సంగతి సరే, ఒక్క మనిషే ఇంత పని చేస్తే ఏమనాలి? ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో దరిపల్లి రామయ్య అని ఒకాయన ఉండేవారు. అందరూ వనజీవి అనేవారు. సైకిల్ మీద విత్తనాలు పెట్టుకుని, రోడ్డు పక్కనా కాలవ గట్టునా ఖాళీ కనిపిస్తే నాటుకుంటూ పోయేవారు. కోటికి పైగా మొక్కలంటారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ప్రచారానికి ఆయన చేసిన ఏర్పాటల్లా 'వృక్షో రక్షతి రక్షితః' అని రాసిన బోర్డు తగిలించుకుని తిరగడం. బోర్డు మీద ఎమ్మెల్యే ఫోటో లేదు, సౌజన్యం లేదు. 2025 ఏప్రిల్‌లో ఆయన పోయినప్పుడు మాత్రం సంతాప ఫ్లెక్సీలు ఘనంగా వెలిశాయి. రోడ్డు పక్క చెట్లకే కట్టారు, కట్టడానికి వేరే ఏముంది అక్కడ?

విమర్శించి ఊరుకోవడం నా పద్ధతి కాదు. అందుకని మా కమిటీ తరఫున తేలుకుంచి, ఉప్పలపాడు, వీరాపురం గ్రామస్థులకు కొన్ని సూచనలు తయారుచేశాను. ముందుగా పక్షులకు ఒక లోగో ఉండాలి. అవి వచ్చే రోజు ముందే తెలిస్తే ముఖ్య అతిథి డేట్ తీసుకోవచ్చు కాబట్టి ఆ మేరకు కొంగలతో మాట్లాడి పెట్టాలి. ముఖ్య అతిథి ప్రసంగం పూర్తయ్యేదాకా రెట్ట వేయకుండా చూడాలి. వీలైతే స్టేజీకి ఎడమవైపు కూర్చోవాలి, ఫోటోలో లైటింగ్ అటు బాగుంటుంది.

క్షేత్రస్థాయి పరిశీలన కోసం వచ్చే నెల మా కాలనీ వాళ్లం ఏసీ బస్సులో ఉప్పలపాడు వెళ్తున్నాం. ఆడవాళ్లు పులిహోర, మగవాళ్లు డిస్పోజబుల్ ప్లేట్లు చూసుకోవాలని పని పంచుకున్నాం. బస్సు ముందు కట్టే బ్యానర్ మీద ఏ పక్షి బొమ్మ వేయాలన్న దగ్గర పని ఆగింది. గూడబాతు వేద్దామని నేనన్నాను. గూడబాతు తెల్లగా, బూడిద రంగులో ఉంటుందట, ప్రింటులో లేవదట. చిలకైతే రంగులు అదరగొడతాయని ఫ్లెక్సీ షాపు అబ్బాయి చెప్పాడు. చిలకే ఖాయమయ్యేలా ఉంది.