పిల్ల ఊసరవెల్లికి గాజు తొట్టి, బల్బు, గిన్నెడు నీళ్లు చాలట!

"పిల్ల ఊసరవెల్లిని పెంచడం చేపల్ని పెంచడం కంటే ఈజీ" అని ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది, మీక్కూడా వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది ఇదీ: ఖాళీ అక్వేరియం ఒకటి తీసుకోండి, పైన మామూలు బల్బు పెట్టండి లేదా కిటికీ పక్కన పెట్టండి ఎండ సరిపోతుంది, గిన్నెలో నీళ్లు పెట్టండి, రెండ్రోజులకోసారి దొరికిన పురుగులు వెయ్యండి, ఒంటరిగా ఉంటే బెంగ పెట్టుకుంటుంది కాబట్టి జంటగా పెంచండి, రోజూ చేతిలోకి తీసుకుంటే మచ్చికవుతుంది, రంగులు మారుస్తుంటే హ్యాపీగా ఉన్నట్టు. ఆఖర్న "మా దగ్గర రెండు నెలల నుంచి ఇలాగే ఉంది, సూపర్‌గా ఉంది" అని ఒక సాక్ష్యం కూడా.

ముందు ఆ సాక్ష్యం సంగతే చూద్దాం, ఎందుకంటే జనం మిగతావన్నీ నమ్మేది దాన్ని చూసే. ఊసరవెల్లి ఒంట్లో బాలేకపోయినా బయటికి కనపడనివ్వదు, అడవిలో నీరసంగా కనిపించిందంటే పాముకో పక్షికో అదే ముందు దొరికిపోతుంది మరి. ఎముకల్లోంచి కాల్షియం పోతూ ఉన్నా కొమ్మ పట్టుకుని కూర్చుంటుంది, తింటుంది, తిరుగుతుంది, మన కంటికి తేడా తెలిసేసరికి ముంగాళ్లు వంకర తిరిగిపోయి ఉంటాయి, దవడ రబ్బర్‌లా మెత్తబడి ఉంటుంది. కాబట్టి రెండు నెలలు బతికిందంటే తప్పులు ఇంకా బయటపడలేదని మాత్రమే అర్థం, అంతకుమించి దానికి విలువ లేదు.

ఇంకో మాట, నేను చెప్పేవి ఎక్కువమంది పెంచే రెండు రకాల గురించి: యెమెన్, సౌదీ నైరుతి మూల నుంచి వచ్చిన వెయిల్డ్, మడగాస్కర్ నుంచి వచ్చిన పాంథర్. జాక్సన్స్ లాంటి కొండ రకాలకి ఇంకా చల్లగా కావాలి, వాటికి ఈ లెక్కలు వేసెయ్యకండి. అడవిలోంచి పట్టుకొచ్చిన పిల్ల అయితే అసలు ముట్టుకోవద్దు, కడుపునిండా పరాన్నజీవులు ఉంటాయి, చట్టం సంగతి సరేసరి.

ఇక బల్బు, కిటికీ ఎండ. ఈ మెసేజ్‌లో అన్నిటికంటే ఎక్కువ పిల్ల ఊసరవెల్లుల్ని చంపేది ఈ లైనే. ఊసరవెల్లికి వేడి వేరు, వెలుతురు వేరు, యూవీబీ (ఎండలో ఉండే, కంటికి కనపడని ఒక రకం అతినీలలోహిత కిరణాలు) వేరు, మూడూ కావాలి, మామూలు బల్బు మొదటి రెండే ఇస్తుంది. యూవీబీ చర్మం మీద పడితేనే ఒంట్లో విటమిన్ డీ3 తయారవుతుంది, డీ3 ఉంటేనే తిన్న కాల్షియం ఒంటికి పడుతుంది, లేకపోతే ఎముకల్లో ఉన్నదే కరిగించుకుని వాడుకుంటుంది, పైన చెప్పిన వంకర కాళ్లు దాని ఫలితమే. కిటికీ అద్దం యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది, అక్వేరియం గాజు కూడా అంతే, అంటే కిటికీ పక్కన గాజు తొట్టిలో ఉన్న పిల్లకి రెండు అద్దాలు దాటి వచ్చేది వేడి, వెలుతురు మాత్రమే, మధ్యాహ్నానికి ఆ తొట్టి పొయ్యిలా కాలిపోతుంది, తప్పించుకోడానికి నీడ కూడా ఉండదు. కావాల్సింది పొడుగు టీ5 (సన్న ట్యూబ్‌లైట్ రకం) యూవీబీ ట్యూబ్, 6 శాతం యూవీబీ అని ఉండే రకం చాలు, ఎండ కాగే కొమ్మ (లైట్ల కింద అది వేడి కాచుకునే కొమ్మ) దగ్గర యూవీ ఇండెక్స్, అంటే ఆ కిరణాల తీవ్రత కొలత, 3 దాటకుండా ఎత్తు సర్దుకోవాలి. మెలికల బల్బులా ఉండే చిన్న యూవీబీ బల్బులు ఉంటాయి చూడండి, వాటి వెలుగు ఒక చిన్న మచ్చలా పడుతుంది, పిల్ల కాస్త పక్కకి జరిగితే ఏమీ అందదు. ట్యూబ్ ఏళ్ల తరబడి వెలుగుతూనే ఉంటుంది కానీ యూవీబీ మాత్రం అంతకు చాలా ముందే పడిపోతుంది, 6 నుంచి 12 నెలల్లో మార్చెయ్యాలి, వెలుగుతోంది కదా అని వదిలేస్తే లేనట్టే.

వేడి విషయంలో పిల్లకి పెద్దదాని లెక్క వెయ్యకూడదు. చిన్న ఒళ్లు, చిటికెలో వేడెక్కుతుంది, చిటికెలో ఎండిపోతుంది. ఎండ కాగే కొమ్మ దగ్గర 29 డిగ్రీలు చాలు, మిగతా పంజరం 22 నుంచి 26. థర్మామీటర్‌ని గోడకి అతికించి చూడటం కాదండీ, కొమ్మ మీద దాని వీపు ఎక్కడికి వస్తుందో అక్కడ పెట్టి చూడాలి. పిల్లలు జాలీ పట్టుకుని తలకిందులుగా పైకప్పుకి వేలాడుతుంటాయి కాబట్టి వేడి బల్బుని జాలీ మీద ఆనించి పెడితే వీపు కాలుతుంది, కాస్త ఎత్తులో వేలాడదియ్యండి. లైట్లు 12 గంటలు, తర్వాత పూర్తి చీకటి, రాత్రి 18 నుంచి 20 డిగ్రీలకి పడినా మంచిదే. రాత్రికి ఎర్ర బల్బు వెయ్యమనే సలహా కూడా కొన్నిచోట్ల ఉంది, వద్దు, దానికి నిద్ర పాడవడం తప్ప ఒరిగేదేం లేదు.

గిన్నెలో నీళ్లు. కదలకుండా ఉన్న నీళ్లని చాలా ఊసరవెల్లులు నీళ్లుగానే గుర్తించవు, నిండు గిన్నె పక్కనే దాహంతో చచ్చిపోగలవు. అవి తాగేది ఆకుల మీద నిలిచిన చుక్కల్ని. ఒకసారి గమనించండి, పొద్దున్నే మిస్టింగ్ (తుంపర కొట్టడం) చేశాక పిల్ల ఉన్నచోటే కాసేపు కదలకుండా ఉంటుంది, తర్వాత ఒక కన్ను ఆకు చివరన మెరుస్తున్న చుక్క మీదకి తిరుగుతుంది, మెల్లిగా ముందుకి ఊగి ఆ చుక్కకి మూతి ఆనించి నములుతున్నట్టు తాగుతుంది, పక్కన మనం కదిలితే ఆపేస్తుంది కూడా. అందుకని లైట్లు వెలిగే ముందు ఒకసారి, ఆరే ముందు ఒకసారి సన్నటి తుంపర కొట్టాలి, పగలు ఒక డ్రిప్పర్ పెట్టి చుక్క చుక్కగా ఆకుల మీద పడేట్టు చేస్తే ఇంకా మంచిది. అలాగని రోజంతా తడితడిగా ఉంచితే ఊపిరితిత్తులకి ఇన్ఫెక్షన్ వస్తుంది, వెయిల్డ్‌కి పగలు 30 నుంచి 50 శాతం తేమ, రాత్రి చల్లబడ్డాక 75 దాటి, పంజరం మధ్యాహ్నానికి ఆరిపోవాలి. నీళ్లు సరిపోతున్నాయా లేదా అని తెలుసుకోడానికి ఊహలు అక్కర్లేదు, రెట్ట చూడండి చాలు: నల్లటి భాగం పక్కన ఉండే యూరేట్ (మూత్రం బదులు వచ్చే ముద్ద) తెల్లగా ఉంటే సరిపోతున్నట్టు, నారింజ రంగులో ఉంటే ఎండిపోతున్నట్టు.

అక్వేరియం మాట. దీన్లో సగం నిజం ఉంది, ఒప్పుకోవాలి. గాజు పూర్తిగా పనికిరాదు అనేవాళ్లు కూడా ఎక్కువ చేస్తారు, గాలి పొడిగా, చల్లగా ఉండే చోట కింద ఒక వైపు, పైన మొత్తం గాలి ఆడే గాజు ఎన్‌క్లోజర్ బానే పనిచేస్తుంది. కానీ అక్వేరియంకి కింద రంధ్రాలే ఉండవు, గాలి అడుగున నిలిచిపోతుంది, పైగా ఎత్తు తక్కువ, ఇది చెట్టు మీద బతికే ప్రాణి. మొదటి కొన్ని నెలలకి 40×40×75 సెంటీమీటర్ల జాలీ పంజరం, పెద్దయ్యాక కనీసం 60×60×120. "పెద్ద పంజరంలో పిల్లకి తిండి దొరకదు" అని భయపెడతారు, కప్పులో పురుగులు వేసి ఎప్పుడూ ఒకే కొమ్మ దగ్గర తగిలిస్తే రెండ్రోజుల్లో అదే వచ్చి తింటుంది. లోపల దాని పాదం పట్టుకోగలిగేంత సన్నటి కొమ్మలు అడ్డంగా కావాలి, దాక్కోడానికి నిజం మొక్కలు కావాలి, మనీ ప్లాంట్, ఫైకస్, మందార లాంటివి, వెయిల్డ్ ఆకులు కూడా తింటుంది కాబట్టి మందులు కొట్టినవి పెట్టకూడదు. అడుగున మట్టి, బెరడు ముక్కలు పొయ్యకండి, నాలుకతో పాటు అవీ లోపలికి పోతాయి, ఖాళీగా వదిలేస్తే తుడుచుకోడం కూడా సుళువు.

రెండ్రోజులకోసారి దొరికిన పురుగులు అట! ఎదిగే పిల్లకి రోజూ పెట్టాలి, మూడు నెలల లోపు తిన్నంత పెట్టినా తప్పు లేదు. ఎగరలేని పండు ఈగలు, పిల్ల క్రికెట్లు (కీచురాళ్లు), సైజు దాని రెండు కళ్ల మధ్య దూరం దాటకూడదు. క్రికెట్లలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ, అందుకే డీ3 లేని కాల్షియం పొడి ప్రతిసారీ పలచగా అద్దాలి, డీ3 కలిసిన మల్టీవిటమిన్ నెలకి రెండుసార్లే, అది ఎక్కువైతే విషం. ఆ పురుగులకి కూడా ముందు ఆకుకూరలు, కూరగాయలు మేపాలి, ఖాళీ కడుపు పురుగు అంటే ఖాళీ తిండే. బయట దొరికిన పురుగుల్లో పురుగుమందు ఉందో లేదో చూసి చెప్పలేం, మిణుగురు అయితే ఒక్కటే బల్లి జాతి ప్రాణిని చంపేస్తుంది. మిగిలిపోయిన క్రికెట్లని రాత్రికి తీసెయ్యండి, నిద్రలో ఉన్న పిల్లని కొరుకుతాయి.

జంట సంగతి ఒక్క ముక్కలో అయిపోతుంది: వద్దు. ఇవి ఒంటరి జంతువులు, బెంగ అనేది మనది. ఒకే కాన్పు పిల్లలు కొన్ని వారాలు కలిసి ఉన్నా రెండు మూడు నెలలకి విడదియ్యాల్సిందే, కొట్టుకోకపోయినా పెద్దది చిన్నదాన్ని తిండి దగ్గరికీ వేడి దగ్గరికీ రానివ్వదు, చిన్నది చిక్కిపోతుంది. అద్దంలో తన నీడని చూసుకుని కూడా భయపడేవి ఉన్నాయి.

చేతిలోకి తీసుకోడం, రంగులు, ఈ రెండూ కలిపే చెప్పాలి, ఎందుకంటే మెసేజ్‌లో హ్యాపీ అన్న రంగు చాలాసార్లు చేతిలో భయంతో వచ్చిన రంగే. చుట్టూ ఉన్నదానికి తగ్గట్టు రంగు మార్చుకుంటుందనేది పాత నమ్మకం. 2015లో జెనీవా యూనివర్సిటీ వాళ్లు పాంథర్ మీద చేసిన పరిశోధనలో తేలింది ఏంటంటే చర్మ కణాల్లో గ్వానిన్ స్ఫటికాలు ఉంటాయి, వాటి మధ్య ఎడం పెరిగితే ఒక రంగు, తగ్గితే ఇంకో రంగు, ఇంకో మగది కనిపించడం లాంటి ఉద్రేకానికి ఆ ఎడం మారుతుంది. వేడి కావాల్సి వచ్చినా నల్లబడుతుంది, ఎండ తాగడానికి. ప్రశాంతంగా ఉన్న పిల్ల వెయిల్డ్ లేత ఆకుపచ్చగా ఉంటుంది, పిల్ల పాంథర్ అయితే బూడిదరంగు, మట్టిరంగు, చూడ్డానికి బోర్‌గానే ఉంటుంది, అదే మంచిది. మీ చేతి మీద ముదురు చారలతో నోరు తెరిచిందంటే పోజు కాదు, వదిలెయ్ అంటోంది. పగటిపూట కళ్లు మూసుకుంటే, కళ్లు గుంటలు పడితే, నాలుక గురి తప్పుతుంటే, ఆ రోజే సరీసృపాలు చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

మెసేజ్‌లో లేని విషయం ఒకటి ఉంది, ఉండాల్సింది. వెయిల్డ్ ఆడది మగది లేకపోయినా గుడ్లు పెడుతుంది, 5, 6 నెలల వయసుకే మొదలవ్వచ్చు, పెట్టడానికి చోటు లేకపోతే గుడ్లు కడుపులోనే ఇరుక్కుని చచ్చిపోతుంది. "రెండు నెలలు సూపర్‌గా ఉంది" అన్నాయన దగ్గరున్నది ఆడదైతే అసలు గండం ఇంకా రానేలేదన్నమాట. ఆడో మగో వెయిల్డ్‌లో పుట్టినప్పటి నుంచే తెలుస్తుంది, వెనక పాదం మడమ దగ్గర చిన్న బొడిపె ఉంటే మగది, నున్నగా ఉంటే ఆడది. ఆడదైతే 4 నెలలు నిండేలోపు 30 సెంటీమీటర్ల లోతున్న తొట్టిలో కడిగిన ఇసుక, తవ్వితే సొరంగం కూలిపోనంత తడితో నింపి పంజరంలో పెట్టెయ్యండి. అది తవ్వడం మొదలుపెట్టాక పంజరానికి గుడ్డ కప్పి పక్కకి వెళ్లిపోవాలి, మీరు చూస్తున్నారని తెలిస్తే తవ్వింది అక్కడే వదిలేసి పైకి ఎక్కేస్తుంది.