బిస్మత్ విలువ చౌకదనంలో లేదు

మందుల అణువుల్లో అత్యధిక భాగం నత్రజని ఉన్నవే. ఆ నత్రజనిని కర్బనానికి జతచేసే పనికి రసాయన శాస్త్రం చాలాకాలంగా పరివర్తన లోహాలనే (ఆవర్తన పట్టిక మధ్య భాగంలోని లోహాలు) ఉత్ప్రేరకాలుగా, అంటే చర్యను నడిపించే పదార్థాలుగా, నమ్ముకుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో ఉల్‌మన్, గోల్డ్‌బెర్గ్ అనే రసాయన శాస్త్రవేత్తలు రాగిని వాడారు. 1990ల మధ్యలో బక్‌వాల్డ్, హార్ట్‌విగ్ పల్లాడియంతో ఆ చర్యను కొత్త దారి పట్టించారు. తర్వాత కాంతితో నడిచే రుథీనియం, ఇరిడియం సంక్లిష్టాలు (లోహానికి ఇతర అణువులు అతుక్కుని ఏర్పడే పదార్థాలు) వచ్చాయి. ఇప్పుడు ప్రాతినిధ్య మూలకాల (ఆ పట్టిక రెండు పక్కలా ఉండే మూలకాలు) వంతు. వాటిలో నన్ను బాగా ఆకట్టుకున్నది బిస్మత్ అనే బరువైన లోహం.

బిస్మత్‌ను సమర్థించేవారు ముందుగా ఖర్చు మాట, అది చౌక అన్న మాట, ఎత్తుతారు. ఆ వాదన బలహీనమని నా అభిప్రాయం. బిస్మత్ కూడా భూమి పొరల్లో అరుదైనదే. ఎక్కువగా సీసం శుద్ధిలో ఉపఉత్పత్తిగా దొరుకుతుంది. పైగా ఉత్ప్రేరకం ఖర్చులో లైగాండ్ (లోహానికి అతుక్కుని ఉండే అణువు) తయారీదీ పెద్ద వాటాయే. లోహాన్ని తప్పించడమే లక్ష్యమైతే, అమెరికా శాస్త్రవేత్త నైస్‌విక్జ్ బృందం 2015లోనే అక్రిడినియం అనే సేంద్రియ రంగుతో, నీలి కాంతిలో, బెంజీన్ వలయాలకు నత్రజనిని నేరుగా అతికించి చూపింది.

అసలు విశేషం బిస్మత్ పనిచేసే తీరులో ఉంది. ఇరిడియం సాధారణంగా కాంతిని పీల్చుకుని ఎలక్ట్రాన్‌ను చేరవేస్తుంది. బంధం కట్టే పనికి చాలాసార్లు పక్కన నికెల్ లాంటి మరో లోహం కావాలి. +1 ఆక్సీకరణ స్థితిలోని బిస్మత్ సంక్లిష్టం మాత్రం కాంతిని తానే పీల్చుకుంటుంది, అణు శకలాన్నీ తానే పట్టుకుంటుంది. జర్మనీలోని మ్యూల్‌హైమ్‌లో రసాయన శాస్త్రవేత్త కోర్నెయా బృందం 2023లో దీన్ని చూపింది. ఎర్రని కాంతి పడగానే బిస్మత్ తన ఎలక్ట్రాన్‌ను ఆరిల్ అయొడైడ్‌కు (బెంజీన్ లాంటి వలయానికి అయొడిన్ అతికిన అణువు) ఇస్తుంది. అయొడిన్ ఊడిపోయి, మిగిలిన ఆరిల్ స్వేచ్ఛా ప్రాతిపదిక (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న శకలం) బిస్మత్‌కే అంటుకుంటుంది. నీలి కాంతి కంటే ఎర్రని కాంతి శక్తి తక్కువ, సున్నితమైన అణువులకు హానీ తక్కువే. ఇంకో వెసులుబాటు, బిస్మత్-కర్బన బంధం బలహీనం. పట్టుకున్న శకలాన్ని వదిలించుకోవడం కష్టం కాదు. కర్బన-నత్రజని జోడింపునూ అదే బృందం బిస్మత్‌తో విడిగా సాధించింది.

అయితే ఈ ఉత్ప్రేరకాలకు గాలి తగిలితే చాలు, చెడిపోతాయి. ముడిపదార్థంలో 10 మోల్ శాతం ఉత్ప్రేరకం, అంటే ప్రతి వంద ముడి అణువులకు పది ఉత్ప్రేరక అణువులు, వేశారంటే, ఒక్కో బిస్మత్ పరమాణువు గరిష్ఠంగా పదిసార్లే పనిచేసినట్టు. మందుల తయారీకి అది చాలదు. కొత్త పరిశోధన వచ్చిన ప్రతిసారీ నేను ముందు చూసేది ఈ అంకెనే. ఆ వెంటనే చూసేది, నత్రజని వలయాలున్న అమైన్‌లతోనూ (నత్రజనిని అందించే సమ్మేళనాలు) చర్య సాగిందా లేదా అని. మందుల్లో ఎక్కువగా కనిపించేవి ఆ వలయాలే, ఉత్ప్రేరకాన్ని కట్టిపడేసేవీ అవే.