గ్రీన్ ప్యాకేజీ

మా బాబాయి కూతురి పెళ్లికి క్యాటరింగ్ మాట్లాడదామని రావులపాలెం వెళ్లాం. క్యాటరింగాయన రెండు రేట్లు చెప్పాడు. మామూలుదొకటి, గ్రీన్ ప్యాకేజీ ఒకటి.

"గ్రీన్ అంటే?" అన్నాడు బాబాయి.

"ఆయ్, అరిటాకండి. ప్లేటుకి ముప్ఫై ఎక్కువవుద్దండి."

ఆయన షెడ్డు వెనకే అరటితోట. గాలికి ఆకులు చిరిగి మరీ ఊగుతున్నాయి. ఊరికే వచ్చేదాన్ని ఇంత కష్టపడి ఖరీదైన వస్తువుగా మార్చడం సామాన్యులకు చేతనయ్యే పని కాదు. ఈ రంగంలో మన ప్రగతిని మెచ్చుకోవాలి.

మామూలు ప్యాకేజీని కూడా తీసిపారెయ్యలేం. అందులో అరిటాకు బొమ్మ అచ్చేసిన కాయితం వేస్తారు. ఈనె ఉంటుంది, చారలుంటాయి, పైన పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అసలు ఆకుని గేదె నమిలేస్తే విందు జరిగిన ఆనవాలే మిగలదు. ఈ కాయితం అలా కాదు. వేసవిలో కాలవలకి నీళ్లు కట్టేశాక అడుక్కి చూడండి, బురదలో ఈనె చెక్కుచెదరకుండా పడి ఉంటుంది. ఏ ఊళ్లో ఎన్ని పెళ్లిళ్లయ్యాయో లెక్క చెప్పొచ్చు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొరకి తన కాలవలు ఇలా రికార్డు రూములవుతాయని తోచలేదు పాపం.

చట్టం సంగతంటారా, 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు నిషేధం. చిన్న నీళ్ల సీసాలు ఆ జాబితాలో లేవు. అందుకే చట్టమంటే గౌరవమున్న మావాళ్లు మనిషికి రెండేసి పెడతారు. రెండు గుక్కలు తాగి, ఏది ఎవరిదో మర్చిపోయి, మూడోదాని మూత తీస్తాం.

ఇక నేనొక సాహసం చేశాను. "రకాలు తగ్గిద్దాం, ఇరవై చాలు" అన్నాను. పిన్ని నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. "మగపెళ్లివాళ్ల పెద్దమ్మాయి పెళ్లిలో నలభై రెండు పెట్టారురా. మనం చితికిపోయామనుకోరూ?" దాంతో నలభై నాలుగయ్యాయి. ఆకు మీద పనసపొట్టు కూర పక్కన గుత్తొంకాయ, దాన్ని ఆనుకుని పులిహోర, పులిహోర మీద బూరె, బూరె మీద నెయ్యి. ఆకు మీద రెండు చేతులూ అడ్డం పెట్టినా వడ్డించే కుర్రాడు వేళ్ల సందులోంచి వేసెయ్యగలడు. పెరుగన్నం వేళకి ఆకు మీద కాస్త ఖాళీ కావాలని మా తాతయ్య రెండు బూరెలు జేబులో పెట్టుకున్నాడు.

గ్రీన్ ప్యాకేజీలో సమాజసేవ కూడా ఉంది. మిగిలింది అనాథాశ్రమానికి పంపుతారు. పగటి పెళ్లి, పొద్దున వండిన పప్పు, ఆటో బయల్దేరింది రాత్రి పదకొండున్నరకి. అక్కడి వార్డెన్ గుండిగ మూత తీసి, వాసన చూసి, మళ్లీ మూత పెట్టేశాడు. ఫొటో మాత్రం మూత తీసినప్పుడే తీసేశారు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు వేళకాని వేళ వచ్చినవాళ్లకి కూడా పొయ్యి వెలిగించి వండి పెట్టేవారు. ఇప్పుడు బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే. మిగిలేదాకా ఆగి పంపాలన్న ఉపాయం ఆవిడకి తట్టలేదు కాబోలు.

మధ్యాహ్నం మూడింటికే పంపెయ్యొచ్చు కదా అని క్యాటరింగాయన్నే అడిగాను. "రెండో బంతికి తక్కువైతే పరువు పోద్దండి" అన్నాడు. ఆ రెండో బంతికి వచ్చింది పదకొండు మంది. అందులో నలుగురు వంటవాళ్లే.

నేనూ ఆ బంతిలోనే కూర్చున్నాను. ముప్ఫై రూపాయల ఆకు కదా, తనివితీరా చూసుకుందామని అంచు కాస్త ఎత్తాను. కింద అరిటాకు బొమ్మ కాయితం పరిచి ఉంది.

"ఆకు చిరిగితే పులుసు కారుద్ది కదండీ," అన్నాడు వడ్డించే కుర్రాడు, ఇంకో బూరె వేస్తూ.