ఇరవై నాలుగు డిగ్రీల ఉక్కపోత

మొన్న మా మరదలి పెళ్ళిచూపులు అయిపోయాయి. బాగా జరిగాయని అనలేను. అయిపోయాయి, అంతే.

అమలాపురం దగ్గర కాలవ గట్టు మీద మా మావగారి ఇల్లు. అసలే రోహిణి కార్తె. లో వోల్టేజీకి ఏసీ కాలిపోయింది. మావగారు టౌనుకెళ్ళి కూలర్ కొనుక్కొచ్చారు. నన్ను అడగలేదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత అందరూ నన్నే అడిగారు. హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పేవాడు అల్లుడుగా ఉంటే ఇదే తంటా. ఇంట్లో ఫ్యూజు పోయినా, పాలు విరిగినా వాడిదే బాధ్యత.

ఆ షాపువాడు "ఏసీ ఎందుకండి, అంకె చూసుకోండి, ఆయ్!" అంటూ కూలర్ ముందు ఎర్రగా వెలిగే నంబరు చూపించాడట. ట్యాంకులో ఐస్ వేస్తే ఇల్లు ఊటీ అయిపోతుందని కూడా చెప్పాడట. బావమరిది వెంటనే రొయ్యల చెరువులవాళ్ళు కొనే ఐస్ ఫ్యాక్టరీకి వెళ్ళి పాతిక కిలోల గడ్డ తెచ్చి, సుత్తితో ముక్కలు కొట్టి ట్యాంకులో పోశాడు. గాలిలో కాస్త రొయ్యల వాసన కూడా వచ్చింది, ఆ సంగతి వదిలేద్దాం. చల్లదనం బయటికి పోతుందని అత్తగారు కిటికీలన్నీ బిగించేశారు.

చల్లదనం అనే సరుకే లేదు కదండీ! ఉన్నది వేడి ఒక్కటే. అది ఎప్పుడూ ఉష్ణోగ్రత ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి పోతుంది. మనం చల్లదనం బయటికి పోయిందంటాం గానీ, నిజానికి వేడి లోపలికి వచ్చిందన్నమాట. కూలర్‌లో తడి గడ్డి మీదుగా గాలి వెళ్తుంటే నీరు ఆవిరవుతుంది. గ్రాము నీరు ఆవిరి కావాలంటే దాదాపు 580 కేలరీలు కావాలి. ఆ వేడిని గాలి దగ్గరే లాక్కుంటుంది కాబట్టి గాలి చల్లబడుతుంది. అనంతపురంలో ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మన కోనసీమకు ఒక పక్క గౌతమి, ఒక పక్క వశిష్ఠ, కింద సముద్రం. ఇక్కడి గాలి అప్పటికే పీకల దాకా నీళ్ళు తాగి ఉంటుంది. ఇంకో చుక్క పుచ్చుకోమంటే పుచ్చుకోదు. పైగా కిటికీలు మూసేస్తే ఆవిరైన ఆ కాస్తా గదిలోనే ఉండిపోతుంది, ఒంటి మీది చెమట కూడా ఆరదు. హాలు మొత్తం ఇడ్లీ పాత్ర అయి కూర్చుంది.

ఐస్ సంగతీ లెక్కేశాను. గ్రాముకు 80 కేలరీల చొప్పున పాతిక కిలోలు కరగడానికి 2,000 కిలోకేలరీలు. ఊరికే కూర్చున్న మనిషి కూడా గంటకు సుమారు 85 కిలోకేలరీల వేడి వదులుతాడు. హాల్లో పాతిక మంది ఉన్నాం. అంటే బయటి ఎండతో పని లేకుండా, మా ఒంటి వేడే గంటలో ఆ ఐస్‌ను మింగేస్తుంది. కిటికీలు తీయండి మావగారూ అన్నాను. "మీరు కూర్చోండల్లుడు గారూ" అన్నారు.

అంకె మాత్రం 24 చూపిస్తోంది. దాని సెన్సర్‌ను ఎవరో మహానుభావుడు నీళ్ళ ట్యాంకు పక్కనే బిగించాడు. ఐస్ కరుగుతున్నంతసేపూ సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది కదా, పొరుగున ఉన్న సెన్సర్‌కు అంతే తెలుస్తుంది. అది అబద్ధం చెప్పలేదు, తానున్న చోటి కబురు చెప్పింది. గోడకున్న పాత థర్మామీటరు 35 అంటోంది గానీ, అది ఎరువుల కంపెనీవాళ్ళు ఊరికే ఇచ్చింది కావడంతో ఎవరూ లెక్కచేయలేదు.

పెళ్ళికొడుకు తాతగారు తాలూకా ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. రాసి ఉన్నదే నిజం, మిగతాదంతా పుకారు. వచ్చి కూర్చుని, కండువాతో మెడ తుడుచుకుంటూ, కళ్ళజోడు సర్దుకుని ఆ ఎర్ర అంకె చదివారు.

"ఇరవై నాలుగే!" అన్నారు. తుడుచుకోవడం ఆపేశారు. "నాకు ఉబ్బసం బాబూ, చలి పడదు. కప్పుకోడానికేమైనా ఉందా?"

మావగారు పరిగెత్తి బీరువాలోంచి పంచాయతీ సన్మానంలో కప్పిన జరీ శాలువా తెచ్చి భుజాల నిండా కప్పారు. అది చూసి పక్కనున్న ఇద్దరు పెద్దలు కండువాలు చెవులకు చుట్టుకున్నారు. కొత్త కూలర్‌ను చిన్నబుచ్చినట్టు అవుతుందని ఉక్క అనే మాట ఒక్కరూ ఎత్తలేదు. మా గోదావరి మర్యాదలతో ఇదే చిక్కు. అమ్మాయి వచ్చింది, కూర్చుంది, ఏదో అడిగారు, ఏదో చెప్పింది. నాకవేవీ గుర్తులేవు. నేను శాలువానే చూస్తున్నాను. జరీ అంచు నుంచి చుక్క చుక్కగా నీళ్ళు కారుతున్నాయి.

అప్పుడు నాకు సెల్సియస్ గారు గుర్తొచ్చారు. 1742లో ఆయన స్కేలు పెట్టినప్పుడు నీరు మరిగే చోట సున్నా, గడ్డకట్టే చోట నూరు పెట్టారు. దాన్ని తర్వాత తిరగేశారు. తిరగేయకుండా ఉండుంటే ఆ బోర్డు మీద 76 కనబడేది, తాతగారు చొక్కా విప్పి కూర్చునేవారు. ఒంటికేమనిపిస్తోందో ఎవడికి కావాలి?

ఇంతలో పెళ్ళికొడుకు మేనత్త గమనించింది. "నాన్నగారికి చలి చెమటలు పడుతున్నాయి!" అంది. ఇరవై నాలుగులో చెమటంటే గుండెకి సంబంధించిందేమోనని ఒకటే టెన్షన్. బావమరిది బండి మీద ఆర్ఎంపీ డాక్టరు గారిని తెచ్చాడు. ఆయన లోపలికి అడుగు పెట్టగానే చెమట పట్టింది. అంకె చూశారు. కుర్చీ లాక్కుని ముందు తన నాడి చూసుకున్నారు.

తాతగారికి జ్వరం లేదు, 98.6. నేనిక ఆగలేక లేచి, వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు, సెన్సర్ ట్యాంకు పక్కన ఉంది, గాలిలో తేమ నిండిపోయింది అని మొదలెట్టాను. తాతగారు ఓపిగ్గా విన్నారు.

"తమరు ఏ స్కూలు బాబూ?"

"గవర్నమెంటు హైస్కూలండి."

"అదీ సంగతి" అన్నారు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. అంకె ఆరిపోయింది. ఆరిన ఆ క్షణంలోనే తాతగారు శాలువా విసిరికొట్టి, "అబ్బబ్బబ్బ, ఏం ఉక్కయ్యా బాబూ!" అన్నారు. చెవులకు చుట్టుకున్న కండువాలు ఒక్కసారిగా విసనకర్రలైపోయాయి. డాక్టరు గారు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని ఫీజు తీసుకుని వెళ్ళారు. కిటికీలు అప్పుడు తీశారు.

మావగారు నా వైపు తిరిగి, "చూశారా అల్లుడు గారూ, కూలర్ ఉన్నంతసేపూ ఎంత హాయిగా ఉందో!" అన్నారు.

సంబంధం విషయం ఇంటికెళ్ళి కబురు చేస్తామన్నారు. కూలర్ ఏ షాపులో కొన్నారో మాత్రం వెళ్ళే ముందు కాగితం మీద రాయించుకున్నారు. రాసిచ్చింది నేనే.